మోటుపల్లి రేవు

మోటుపల్లి, బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో బంగాళాఖాతపు ఒడ్డున ఉన్న గ్రామం. 2022 వరకు ఇది ప్రకాశం జిల్లాలో ఉండేది. కాకతీయుల కాలంలో ఆంధ్రదేశపు ప్రధానమైన ఓడరేవులలో ఒకటి. చోళుల ఏలుబడిలో దీనిని దేశుయ్యక్కొండపట్టణం అని కూడా వ్యవహరించారు.

చూడదగినవి

రేవును చూడ వచ్చినవారికి ఇక్కడ రేవు కనబడదు. కోటగోడలు గాని, దీపస్తంభం గాని లేవు. చూడవలసినది వీరభద్రస్వామి ఆలయం, అందులోని శాసన స్తంభం. గ్రామంలో కోదండరామస్వామి ఆలయం కూడా ఉంది. ఈ పరిసరాలలో చైనా పింగాణీ పెంకులు దొరికాయి.

అభయ శాసనం

ఈ స్తంభ శాసనాన్ని కాకతి గణపతిదేవుడు 1244లో వేయించాడు. అంతకుముందు గాలివానకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సర్వస్వాన్ని రాజులు బలవంతంగా లాగుకొనేవారు. ప్రాణాలతో బయటపడిన వర్తకుడికి కట్టుబట్టలే మిగిలేవి. మధ్యధరా తీరపు దొరలలోనూ ఆ రోజులలో ఇటువంటి ఆచారమే ఉండేది. వర్తకులకు ధనం ప్రాణంకన్న ఎక్కువనీ, దానికోసమే వారు సముద్రంపై ప్రాణాలొడ్డి వస్తారనీ తలచి, గణపతిదేవుడు నియమిత సుంకం తప్ప వేరేమీ తీసుకొనబోమని అభయమిచ్చాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పదింట ఒక వంతు. గంధపుచెక్క, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, పోకలు మొదలైన వాటికి సుంకాలు శాసనంలో విడివిడిగా చెప్పబడ్డాయి. దయతోపాటు లెక్క కూడా ఇందులో ఉన్నదనవచ్చు: దోపిడి భయమున్న రేవుకు ఓడ రాదు, ఓడ రానిదే సుంకం లేదు.

తరువాతి కాలం

13వ శతాబ్ది చివరలో వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అని పేర్కొని, ఇక్కడి వజ్రాలను, సాలెగూడు వంటి సన్నని వస్త్రాలను మెచ్చుకొన్నాడు. న్యాయంగా పాలించిన రాణిని గూర్చి కూడా వ్రాశాడు. ఆమె రుద్రమదేవి అని చరిత్రకారుల అభిప్రాయం. అయితే అతడు ఆమెను మరణించిన రాజుకు భార్యగా చెప్పడం పొరపాటు. ఆమె గణపతిదేవుని కుమార్తె.

కాకతీయ రాజ్యం 1323లో పతనమైన తరువాత రేవు రెడ్డిరాజుల వశమైంది. అనవోతారెడ్డి 1358లో వర్తకులకు తిరిగి అభయ శాసనం ఇచ్చాడు. శ్రీనాథుని హరవిలాసం కృతిని అందుకొన్న అవచి తిప్పయ సెట్టి, రెడ్డిరాజుల కొలువుకు సుగంధద్రవ్యాలు తెప్పించిన సముద్ర వ్యాపారియే. 1390 నాటి విజయనగర శాసనం కూడా ఇక్కడ ఉంది. అటుపిమ్మట ప్రాముఖ్యం తగ్గి, 17వ శతాబ్దికి సముద్ర వ్యాపారం మచిలీపట్నానికి తరలిపోయింది.

రవాణా

విజయవాడ - గూడూరు రైలు మార్గంలోని చినగంజాం స్టేషనులో దిగి రోడ్డు మార్గాన చేరవచ్చు.