బాక్టీరియోసిన్లు

బాక్టీరియోసిన్లు అనగా కొన్ని బాక్టీరియాలు తమ పరిసరాలలోని ఇతర బాక్టీరియాలను చంపడానికి లేదా వాటి పెరుగుదలను అడ్డుకోవడానికి తయారుచేసే పెప్టైడులు, మాంసకృత్తులు. పాలను పెరుగుగా మార్చే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాలలో అనేక రకాలు వీటిని ఉత్పత్తి చేస్తాయి. వీటిలో ప్రసిద్ధమైనది నైసిన్.

పెరుగులో పాత్ర

గోరువెచ్చని పాలలో తోడు వేసినపుడు, తోడులోని లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాలు పాలలోని లాక్టోజు చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పులిసే ఇడ్లీ పిండిలో ఉండే ల్యూకోనోస్టాక్ కూడా ఈ సమూహానికి చెందినదే. పాలకంటె పెరుగు ఎక్కువ కాలం నిలవ ఉండటానికి ముఖ్య కారణం ఆమ్లమే. బాక్టీరియోసిన్లు ఉన్నచోట అవి కొంత సహాయపడతాయి. అయితే ప్రతి తోడులోను ఇవి ఉంటాయని చెప్పలేము. ఒకే జాతి బాక్టీరియాలో కొన్ని ఉపరకాలకు మాత్రమే ఈ శక్తి ఉంటుంది.

చరిత్ర

* 1925: బెల్జియం శాస్త్రవేత్త ఆంద్రే గ్రేషియా, ఎషెరీషియా కోలై బాక్టీరియాలో ఇటువంటి పదార్థాన్ని మొదటిసారి గుర్తించాడు. తరువాత దానికి కోలిసిన్ అని పేరు వచ్చింది.
* 1928: పాలలోని ఒక బాక్టీరియా మరొకదాని పెరుగుదలను ఆపడాన్ని అమెరికాలో రోజర్స్, విట్టియర్ గమనించారు.
* 1947: ఇంగ్లాండులో మాటిక్, హిర్ష్ ఈ పదార్థానికి నైసిన్ అని పేరు పెట్టారు.
* 1969: ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం నైసిన్‌ను ఆహారంలో వాడదగినదిగా అంగీకరించింది.

పనిచేసే విధానం

నైసిన్‌లో 34 అమైనో ఆమ్లాలు ఉంటాయి. బాక్టీరియా కణకవచ నిర్మాణానికి అవసరమైన లిపిడ్-2 అనే అణువుకు ఇది అంటుకొంటుంది. దీనివలన కవచ నిర్మాణం ఆగిపోతుంది. కణత్వచంలో రంధ్రాలు ఏర్పడి, లోపలి అయానులు బయటకు పోయి కణం మరణిస్తుంది. నైసిన్‌ను తయారుచేసే బాక్టీరియాను దాని సొంత రక్షక మాంసకృత్తులు కాపాడతాయి.

ఉపయోగాలు, పరిమితులు

ప్రాసెస్ చేసిన చీజ్‌లోను, డబ్బాలలో నిలవచేసే ఆహారాలలోను నైసిన్‌ను వాడుతారు. వేడిని తట్టుకొని మిగిలిన క్లాస్ట్రీడియమ్ సిద్ధబీజాలు పెరగకుండా ఇది అడ్డుకొంటుంది. 44 అమైనో ఆమ్లాలు గల పెడియోసిన్, లిస్టీరియాపై బాగా పనిచేస్తుంది.

టైఫాయిడ్ కలిగించే సాల్మొనెల్లా వంటి గ్రామ్ నెగటివ్ బాక్టీరియాలకు వెలుపలి త్వచం ఉండటం వలన నైసిన్ ఒక్కటే వాటిని చంపలేదు. బూజుపై కూడా ఇది పనిచేయదు. కనుక పాలను కాచడం, పరిశుభ్రత పాటించడం తప్పనిసరి. నోటి ద్వారా తీసుకొన్న నైసిన్‌ను జీర్ణరసాలలోని ఎంజైములు విచ్ఛిన్నం చేస్తాయి. ఆహారానికి రక్షణగా ఇది మంచి గుణమే. కాని ఇదే కారణం వలన, వైద్యులు ఇచ్చే యాంటీబయాటిక్ మందుకు పెరుగు ప్రత్యామ్నాయం కాజాలదు.