చైనా వాళ్ళకే తెలియని చైనీస్ చికెన్ సలాడ్ కథ

ఎప్పుడూ ఏ పాత కోట దగ్గరో, లైబ్రరీలోనో కనిపించే నేను ఈ వారం మా వంటింట్లో కనిపిస్తున్నాను. మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమీ అనుకోకండి, పక్క పొయ్యి మీద అమ్మ పప్పు పెట్టింది. ఇవాళ నేను చేసేది చైనీస్ చికెన్ సలాడ్. చాలా ఈజీ, ముప్పావుగంట పని. కానీ ఇది చరిత్ర ఛానల్ కదా, కాబట్టి వంటతో పాటు కథ కూడా నడుస్తుంది.

ఈ సలాడ్‌ని నేను మొదటిసారి చూసింది శాన్ హోసేలో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రోజుల్లో ఆర్నెల్లు ఆన్‌సైట్‌కి వెళ్ళాను. ఆఫీసు క్యాంటీన్‌లో ఒక పెద్ద గిన్నె. సన్నగా తరిగిన క్యాబేజీ, పీచులుగా చీల్చిన చికెన్, కమలా తొనలు, నువ్వులు, పైన కరకరలాడే తెల్లటి నూడుల్స్. బోర్డు మీద చైనీస్ చికెన్ సలాడ్ అని రాసుంది. మా టీమ్‌లో చెంగ్డూ నుంచి వచ్చిన కుర్రాడు ఒకడుండేవాడు. "మీ వంట బావుంది" అన్నాను. వాడు నవ్వి, "ఇది మా వంట కాదు. అమెరికా వచ్చాకే మొదటిసారి చూశాను" అన్నాడు. అది నా బుర్రలో అలా ఉండిపోయింది. చైనా వాళ్ళకే తెలియని చైనీస్ వంట ఎక్కడ పుట్టింది?

ముందు పొయ్యి వెలిగిద్దాం. 300 గ్రాముల బోన్‌లెస్ చికెన్ బ్రెస్ట్ తీసుకున్నాను. నీళ్ళలో నాలుగు అల్లం ముక్కలు, రెండు ఉల్లికాడలు, కాస్త ఉప్పు వేసి మరిగించాలి. చికెన్ వేశాక మంట బాగా తగ్గించేయండి. కుతకుతా ఉడికిస్తే గట్టిపడి రబ్బరులా అవుతుంది. సన్నని సెగ మీద 12 నుంచి 15 నిమిషాలు, ఆపేశాక మూతపెట్టి ఇంకో 10 నిమిషాలు. అంతే. ఈ 25 నిమిషాల్లో మనం 1848కి వెళ్ళొద్దాం.

1848 జనవరిలో కాలిఫోర్నియాలో బంగారం దొరికింది. ఆ వార్త పసిఫిక్ దాటి దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతానికి చేరింది. కరువులు, అప్పులు, తిరుగుబాట్లతో నలిగిపోయిన పల్లెలవి. అక్కడి మగవాళ్ళు ఓడలెక్కారు. కాలిఫోర్నియాకి వాళ్ళు పెట్టుకున్న పేరు బంగారు కొండ. వెళ్ళినవాళ్ళకి కొండ దొరికింది గానీ బంగారం అందరికీ దొరకలేదు. 1860ల్లో వేలమంది రైలుమార్గం పనికి కుదిరారు. సియెర్రా నెవాడా కొండల్ని తొలిచి, మంచులో సొరంగాలు తవ్వారు. 1869 మే 10న యూటాలో తూర్పు, పడమర పట్టాలు కలిశాయి. పని అయిపోయింది. పని అయిపోయాక, ఆ పని చేసినవాళ్ళు ఊరికి బరువైపోయారు.

1871 అక్టోబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఒక గుంపు చైనా వాళ్ళ వాడ మీద పడి ఒక్క రాత్రిలో 18 మందిని చంపేసింది. కొందరికి శిక్షలు పడ్డాయి, తర్వాత అవి కూడా కొట్టేశారు. లాస్ ఏంజెలెస్ అనే పేరు గుర్తుపెట్టుకోండి, మన సలాడ్ కథ మళ్ళీ అక్కడికే వస్తుంది.

1882లో చైనీస్ ఎక్స్‌క్లూజన్ యాక్ట్ వచ్చింది. చైనా కూలీలెవరూ అమెరికాలో అడుగు పెట్టకూడదు, ఆల్రెడీ ఉన్నవాళ్ళకి పౌరసత్వం ఇవ్వకూడదు. మొదట పదేళ్ళకి అన్నారు, తర్వాత పొడిగించారు, తర్వాత శాశ్వతం చేశారు. ఒక దేశం పేరు పెట్టి మరీ ఆ దేశపు కూలీలకి తలుపు మూసిన చట్టం ఇది.

అయితే ఏ చట్టానికైనా ఒక సందు ఉంటుంది కదా. కూలీలకి నిషేధం, వ్యాపారులకి కాదు. 1915లో ఒక కోర్టు తీర్పుతో రెస్టారెంటు యజమానులు కూడా వ్యాపారుల కిందకి వచ్చారు. అంటే ఏంటి? హోటల్ పెడితే చైనా వెళ్ళి తిరిగి రావచ్చు, మనుషుల్ని తెచ్చుకోవచ్చు. దాంతో చుట్టాలు తలా కొంత వేసుకుని హోటళ్ళు పెట్టారు. అమెరికాలో ఊరూరా చైనీస్ హోటల్ వెలవడానికి రుచి ఒక్కటే కారణం కాదండీ, వీసా కూడా ఒక కారణం. మన హెచ్-వన్-బీ అన్నయ్యలకి ఈ బాధ బాగా అర్థమవుతుంది.

మరి ఆ హోటళ్ళలో ఏం వండాలి? వచ్చే కస్టమర్ అమెరికన్. అతనికి ఎముకలు వద్దు, తెలియని వాసనలు వద్దు. ఉన్న కూరగాయలతో, సన్నగా తరిగిన మాంసంతో చాప్ స్యూయ్ లాంటివి వండారు. వీటిని నకిలీ వంటలని వెక్కిరించడం తేలిక. కానీ ఆ వంటవాడి స్థానంలో నిలబడి చూడండి. తన నాలుకకి నచ్చింది వండితే కొట్టు మూతపడుతుంది, ఎదుటివాడి నాలుకకి నచ్చింది వండితే ఊళ్ళో పెళ్ళాం పిల్లలకి డబ్బు వెళుతుంది. మీరైతే ఏం చేస్తారు?

సరే, చికెన్ చూద్దాం. బాగా మందంగా ఉన్నచోట కోసి చూడండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే ఇంకో రెండు నిమిషాలు ఉంచాలి. మనది అయిపోయింది. చల్లారాక కత్తి వాడకుండా చేత్తోనే పీచులుగా చీల్చాలి. కత్తితో కోసిన ముక్క నున్నగా ఉంటుంది, పులుసు పట్టదు. చీల్చిన పీచు గరుకుగా ఉంటుంది కాబట్టి బాగా పీల్చుకుంటుంది.

ఈ చీల్చడం మాత్రం నిజంగా చైనాదే. సిచువాన్ ప్రాంతంలో బాంగ్ బాంగ్ చికెన్ అని ఒక వంటకం ఉంది. ఉడికిన కోడిని చెక్క కర్రతో కొట్టి, పీచు వదులు చేసి, నువ్వుల ముద్ద, మిరప నూనె కలుపుతారు. బాంగ్ అంటే కర్ర. కాంటన్ వైపు చేత్తో చీల్చిన కోడి అనే వంటకమే ఉంది. చల్లగా కలుపుకునే వంటలు వాళ్ళకి బోలెడు. లేనిదల్లా గిన్నెడు పచ్చి ఆకులు తినే అలవాటు. అది అమెరికాది. అంటే ఈ సలాడ్‌లో చికెన్‌ది ఒక దేశం, ఆకులది ఇంకో దేశం. ఈ రెండింటినీ ఒక గిన్నెలో కలిపింది ఎవరు?

దానికి మళ్ళీ లాస్ ఏంజెలెస్ వెళ్ళాలి. 1943లో ఎక్స్‌క్లూజన్ యాక్ట్ రద్దయింది. రెండో ప్రపంచయుద్ధంలో చైనా మిత్రదేశం కాబట్టి రద్దు చేశారు. కానీ ఏడాదికి ఇచ్చిన కోటా ఎంతో తెలుసా? 105 మంది. మొత్తం చైనా జాతికి! ఆ రోజుల్లోనే చదువు కోసం అమెరికా వచ్చిన అమ్మాయి సిల్వియా వూ. కొలంబియా యూనివర్సిటీలో చదివింది, పెళ్ళి చేసుకుని లాస్ ఏంజెలెస్ చేరింది. అక్కడి హోటళ్ళలో చైనీస్ పేరుతో అమ్మే చాప్ స్యూయ్ చూసి విసుగొచ్చి, 1959లో శాంటా మోనికాలో మేడమ్ వూస్ గార్డెన్ పేరుతో తనే రెస్టారెంటు పెట్టింది. హాలీవుడ్ తారలంతా అక్కడికి వచ్చేవాళ్ళు.

వాళ్ళలో ఒకరు నటుడు కేరీ గ్రాంట్. ఇంకో హోటల్లో తిన్న చికెన్ సలాడ్ ఒకటి ఆయనకి బాగా నచ్చింది. అలాంటిది మీరూ చేయండి అని ఈవిడని అడిగాడు. ఆవిడ చేసింది, అది ఆ రెస్టారెంటుకే పెద్ద పేరు తెచ్చింది. ఇక్కడ ఒక చిన్న లాజిక్. ఆయన వేరేచోట తిన్నానని చెప్పాడు కాబట్టి, దీన్ని మొదట కనిపెట్టింది ఆవిడ కాదు. కానీ దీన్ని నలుగురి నోళ్ళలో పెట్టింది ఆవిడే. ఈ కథలో నన్ను ఆపేసిన విషయం వేరే ఉంది. అసలు చైనీస్ భోజనం పెట్టాలని రెస్టారెంటు తెరిచిన మనిషికి, చైనాలో లేని సలాడ్‌తోనే పేరొచ్చింది. ఆవిడ 2022లో, 106 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

1983లో ఆస్ట్రియాలో పుట్టిన షెఫ్ వోల్ఫ్‌గాంగ్ పక్ అదే శాంటా మోనికాలో షిన్వా ఆన్ మెయిన్ తెరిచి తనదైన చైనీస్ చికెన్ సలాడ్ పెట్టాడు. ఆ తర్వాత ఇది అమెరికా అంతా పాకింది. 2017లో బోనీ త్సుయ్ అనే రచయిత్రి న్యూయార్క్ టైమ్స్‌లో ఒక సూటి ప్రశ్న వేసింది. ఇంత పెద్ద ఆసియాని ఒక సలాడ్ పేరులో ఎలా కుక్కేస్తారు, 'ఏషియన్ సలాడ్' ఇంకా మెనూలో ఎందుకుంది అని. న్యాయమైన ప్రశ్నే. వంట కలవడంలో తప్పు లేదు. కలిపినవాళ్ళ కథ మర్చిపోయి, లేబుల్ ఒక్కటే మిగిలితే తప్పు.

ఇప్పుడు పులుసు కలుపుదాం. రెండు టేబుల్ స్పూన్ల సోయా సాస్, రెండు వెనిగర్, ఒకటి తేనె, ఒకటి నువ్వుల నూనె, ఒక టీస్పూన్ అల్లం తురుము, మీకు నచ్చినంత ఎండుమిరప పలుకులు. ఒక చిట్కా చెప్తాను. చైనా నువ్వుల నూనె వేయించిన నువ్వుల నుంచి తీస్తారు, అందుకే అంత ఘాటు వాసన. మన గానుగ నూనెలో ఆ వాసన రాదు. అమ్మే చెప్పింది, ఒక స్పూన్ నువ్వులు దోరగా వేయించి దంచి కలపమని. సరిగ్గా కుదిరింది.

గిన్నెలో పావుకిలో సన్నగా తరిగిన క్యాబేజీ, ఒక క్యారెట్, ఒక కీరా, ఉల్లికాడలు, కొత్తిమీర, చికెన్. సన్నటి రైస్ నూడుల్స్‌ని ఎండుగానే బాగా కాగిన నూనెలో వేస్తే రెండు మూడు సెకన్లలో మన వడియాల్లా పొంగుతాయి. నూనె సరిగ్గా కాగకపోతే రాళ్ళలా ఉండిపోతాయి, జాగ్రత్త. పులుసు, నూడుల్స్ తినేముందే కలపాలి. ముందే కలిపితే కూరగాయలు నీరు వదిలేస్తాయి.

అమ్మ గిన్నెలోకి చూసి, "చైనా వాళ్ళు ఇది తినరంటున్నావు, మరి చైనీస్ అని ఎందుకురా?" అంది. నేను, "మన మంచూరియా మాత్రం మంచూరియాలో ఉందా అమ్మా?" అన్నాను. ఆవిడ నవ్వేసింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఎందుకో చెప్తాను.

చికెన్ మంచూరియన్ చేసింది నెల్సన్ వాంగ్. కలకత్తాలో పుట్టిన చైనా మూలాలున్న మనిషి. 1975లో ముంబై క్రికెట్ క్లబ్‌లో అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి అని మన పోపే పెట్టి, గరం మసాలా బదులు సోయా సాస్ పోశాడు. ఇవాళ మన ఊళ్ళల్లో నూడుల్స్ బండి లేని సెంటర్ ఉందా? కానీ అంతకి 13 ఏళ్ళ ముందు, 1962 యుద్ధం వచ్చినప్పుడు, చైనా మూలాలున్న దాదాపు 3,000 మందిని మన దేశమే రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో బంధించింది. వాళ్ళలో ఇక్కడే పుట్టిన పిల్లలు ఉన్నారు. కొందరు ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నారు. మంచూరియా మీద ఉల్లిపాయలు చల్లుకుని తింటూ పెరిగిన నాకు పాతికేళ్ళు దాటేదాకా ఈ సంగతి తెలియదు.

ఆ రెండోవైపు కూడా మనం ఉన్నాం. 1917లో అమెరికా ఇండియా వాళ్ళకీ తలుపు మూసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో, భారతీయులకి పౌరసత్వం రాదని సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో తలుపు కొంచెం తెరిచి ఏడాదికి 100 మంది అన్నారు. 1965 చట్టం వచ్చాకే ఈ జాతి మూలాల కోటాలు పోయి, మన డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో వెళ్ళగలిగారు. నేను ఆ క్యాంటీన్‌లో ప్లేటు పట్టుకుని నిలబడటం వెనక కూడా ఆ చట్టం తెచ్చిన మార్పు ఉంది. నా పక్కన చెంగ్డూ కుర్రాడు నిలబడటం వెనకా అదే ఉంది.

అందుకే ఈ సలాడ్ చైనీసా కాదా అంటే, నా సమాధానం ఇది. చైనా వంట కాదు. చైనా నుంచి వెళ్ళినవాళ్ళు, రావద్దన్న దేశంలో నిలబడి, ఆ దేశం ఆకులతోనే తమ చోటు సంపాదించుకున్న వంట. ఒక జాతి వంటని ఇష్టంగా తింటూనే ఆ మనుషుల్ని గేటు బయట నిలబెట్టడం అమెరికా చేసింది, మనమూ చేశాం. తినేటప్పుడు అది ఒక్కసారి గుర్తొస్తే చాలు.

అమ్మ తీర్పు కూడా చెప్పేస్తాను. రెండు ముద్దలు తిని, "బావుందిరా, కాస్త నిమ్మకాయ పిండితే ఇంకా బావుంటుంది" అని పిండేసింది. చూశారా, ఇంకో వెర్షన్ పుట్టింది.

మీ ఇంట్లో చేసి చూడండి. మీరేం మార్చారో కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటాను.