మా ధవళేశ్వరం – ఏటిగట్టు మీది జీవితాలు

ప్రత్యేక సంచికకు మీ ఊరి చరిత్ర రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, ధవళేశ్వరం గురించి కొత్తగా చెప్పేదేముందని మొదట సందేహించాను. కాటన్ దొర పేరు వినని వాడు గోదావరి జిల్లాల్లో ఉండడు. అయితే ఆ పేరు పక్కన రాసుకోవలసిన పేర్లు ఇంకా చాలా ఉన్నాయనీ, అవి మనలాంటి వాళ్ల జ్ఞాపకాల్లో తప్ప మరెక్కడా లేవనీ మా మనవడి ప్రశ్న ఒకటి నాకు గుర్తుచేసింది. ఆ సంగతి చివర మనవి చేస్తాను.

రాజమహేంద్రవరానికి దిగువన 7, 8 కిలోమీటర్ల దూరంలో గోదావరి ఎడమ గట్టున మా ఊరు ఉంది. ఇప్పుడు పట్నానికీ మా ఊరికీ మధ్య ఇళ్లు కలిసిపోయి ఎక్కడ ఏది మొదలవుతుందో తెలియడం లేదు గానీ, నా చిన్నతనంలో ‘రాజమండ్రి వెళ్లొస్తాం’ అని చెప్పి బయలుదేరేవాళ్లం. కొండ మీద జనార్దనస్వామి, ఊళ్లో అగస్త్యేశ్వరస్వామి, ఎదురుగా గోదావరి. భీష్మ ఏకాదశికి స్వామివారి కల్యాణం, తీర్థం. చుట్టుపక్కల ఊళ్ల ఆడపడుచులందరూ పుట్టిళ్లకు వచ్చేది అప్పుడే.

ఈ ఊరి దశ తిరిగింది ఆనకట్టతోనే. 1832-33 డొక్కల కరువు, 1839 ఉప్పెన గోదావరి డెల్టాను కుంగదీశాయి. పక్కనే జీవనది పారుతున్నా పొలానికి నీరందని రోజులవి. ఆ పరిస్థితి చూసిన ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టాలని ప్రతిపాదించి, 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేశారు. మా ఊరినే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. ఇక్కడ నది బాగా వెడల్పయి, పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరులంకల మధ్య నాలుగు పాయలుగా చీలుతుంది. పాయకొక ముక్క చొప్పున ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టుకోవచ్చు. పైగా రాయి కోసం ఎక్కడికో వెళ్లనక్కరలేదు, ఊరి కొండే ఉంది. ఆ కొండ రాయే ఏట్లో దిగి ఆనకట్ట అయింది.

దొరగారికి కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్నగారి పేరు కూడా మనవాళ్లు కొంతవరకు నిలుపుకున్నారు. కూలీలను సమకూర్చి, వాళ్లతో మాట్లాడి పని నడిపించిన ఘనత ఆయనది. కానీ ఆ కొండ పగలగొట్టినవారు, ఇసుకలో బావులు దించి పునాదులు వేసినవారు, రాళ్ల పడవలు నడిపినవారు వేలమంది. వాళ్లలో ఒక్కరి పేరైనా మనకు తెలియదు.

మా నాన్నగారు లాకు దగ్గర లస్కరు. మేం పుట్టి పెరిగింది డిపార్టుమెంటు వారి ఇంట్లోనే. 1950 దశకంలో కాలువల్లో పడవల రాకపోకలు ఇంకా జోరుగా ఉండేవి. ధాన్యం, కొబ్బరికాయలు, కలప వేసుకుని వచ్చిన పడవ లాకులో నిలిచి, నీటితోపాటు పైకి లేవడమో కిందికి దిగడమో చూడటం మా పిల్లలకు సినిమాతో సమానం. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మరమ్మతులతో ఊరంతా సందడి. ఆనకట్ట నాడు మొదలైన వర్కుషాపులోంచి సుత్తి దెబ్బలు వినపడుతూనే ఉండేవి. జూన్‌లో నీళ్లు వదిలే రోజున లాకు దగ్గర కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమలు నీటిలో వేసేవారు. తరువాత ఎర్రనీరు వచ్చేది, దానికి ఎదురీదుతూ పులస వచ్చేది. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు గానీ, మా అమ్మ పుస్తెలు భద్రంగానే ఉన్నాయి. జాలరి ఇంట పెళ్లికి మేం వెళితే, మా ఇంటికి చేప వచ్చేది. కులాలూ ఉద్యోగాల హెచ్చుతగ్గులూ లేవని అనను. కానీ వరద వచ్చిన రాత్రి అందరూ ఒకే గట్టు మీద ఉండేవారు.

నేను 1970లో వర్కు ఇన్‌స్పెక్టరుగా చేరాను. నూరేళ్లు దాటిన పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజి కట్టే పని ఆ దశకంలోనే సాగి 1982కు పూర్తయింది. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39, మొత్తం 175 గేట్లు. డెల్టాలో సుమారు పది లక్షల ఎకరాలకు ఇక్కడినుంచే నీరు. బ్యారేజి మీద రోడ్డు పడ్డాక, అంతకుముందు పడవ కోసం రేవులో పడిగాపులు కాసిన మేం బస్సులో విజ్జేశ్వరం వెళ్లి వచ్చాం. ఉత్తపుణ్యానికి వెళ్లి వచ్చాం, ఆ సరదా అలాంటిది.

మా ఊళ్లో చదువురాని వాళ్లకు కూడా మూడు అంకెలు తెలుసు. బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. 1986 ఆగస్టులో ఆ మూడూ దాటిపోయాయి. భద్రాచలంలో మట్టం 75.6 అడుగులన్న కబురు వినగానే పెద్దవాళ్ల ముఖాలు మారిపోయాయి. 1953 వరదను చూసినవాళ్లు అప్పటికింకా ఉన్నారు. అప్పుడు సుమారు 30 లక్షల క్యూసెక్కులు వస్తే, ఈసారి 35 లక్షలు దాటింది. డెల్టాలో గట్లకు గండ్లు పడ్డాయి. లంకలు మునిగాయి.

ఆ రాత్రి ఊరికి దిగువన ఏటిగట్టు మీద ఒకచోట నాకు కాపలా పడింది. గట్టుకు ఊరివైపు అడుగున నీరు ఊరడం మొదలైంది. అది బుంగ అయితే గట్టు నిలవదు. నేను కంగారుపడి, ఇసుక బస్తాలు తెచ్చి ఆ కన్నం మీదే వేసి మూసేయమని కుర్రాళ్లను కేకలేశాను. అప్పటికే రిటైరైన ముసలి లస్కరు ఒకాయన, మా నాన్నగారితో పనిచేసినవాడు, ఎవరూ పిలవకుండానే లాంతరు పట్టుకుని వచ్చాడు. మేమంతా ‘లాకుల తాత’ అనేవాళ్లం. ‘ఆగు బాబూ, ముందు ఒక గాజుగ్లాసు తెప్పించు’ అన్నాడు.

ఊరిన నీటిని గ్లాసులో పట్టి లాంతరు ముందు పెట్టాడు. ‘తేటగా వస్తే గట్టు నీళ్లనే వదులుతోందని. మట్టి కలిసి వస్తే తన కడుపు తానే తోడేసుకుంటోందని’ అన్నాడు. ఆ నీరు కాస్త మట్టిగానే ఉంది. కన్నం మూస్తే పక్కన మరోచోట పొడుస్తుందని చెప్పి, దాని చుట్టూ బావి గట్టులాగా బస్తాలు పేర్పించాడు. లోపల నీరు నిలిచి మట్టం పెరిగేకొద్దీ ఊట జోరు తగ్గింది. ప్రతి గంటకూ గ్లాసు పట్టి చూశాడు. తెల్లవారుజామున నీరు తేటపడింది. అప్పుడు గానీ టీ తాగలేదు. ఆ ఉపాయం వెనక ఉన్న శాస్త్రం ఆ తరువాత ఒక ఇంజనీరుగారు చెబితే నాకు తెలిసింది. బయట నిలిచిన నీటి బరువు లోపలి నీటి ఒత్తిడికి ఎదురు నిలుస్తుందట. తాతకు అది పుస్తకంలో దొరకలేదు, 1953లో గట్టు మీద దొరికింది.

మరునాడు రిపోర్టు రాసింది నేనే. ఇన్ని బస్తాలు, ఇందరు మనుషులు అని రాశాను. తాత పేరు రాయలేదు. ఆయన మస్టరులో లేడు కదా అనుకున్నాను. రెండు మూడేళ్లకు ఆయన కాలం చేశాడు.

2006లో నేనూ రిటైరయ్యాను. 2022 జూలైలో మళ్లీ 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, ఇంట్లోవాళ్లు గంటగంటకూ ఫోనులో మట్టం చూసి చెప్పారు. మంచిదే, మా రోజుల్లో ఆ సౌకర్యం లేదు. అయినా ఉండబట్టలేక మనవణ్ణి వెంటబెట్టుకుని గట్టు మీదికి వెళ్లి, ఆ చోటు చూపించి గ్లాసు కథ చెప్పాను. వాడు శ్రద్ధగా విని, ‘తాతయ్యా, ఆయన పేరేమిటి?’ అని అడిగాడు.

నాకు తెలియదు. పదహారేళ్లు ఆయన ఎదుట ఉద్యోగం చేశాను, ఊరు నిలబడిన రాత్రి ఆయన పక్కన కూర్చున్నాను, పేరు ఎన్నడూ అడగలేదు. తెలిసిన మా అమ్మానాన్నలు ఇప్పుడు లేరు. ఆయన పిల్లలు ఎటు వెళ్లారో చెప్పగలవాళ్లు కూడా ఇక్కడ మిగల్లేదు.

ఏటా మే 15న కాటన్ దొర జయంతికి విగ్రహానికి దండ వేస్తాం, వేయాలి కూడా. దొర చేసిన మేలు అటువంటిది. దానితోపాటు ఒక పని చేద్దామని నా మనవి. బ్యారేజి పనిలో, లాకుల్లో, వర్కుషాపులో, గట్ల మీద మనతో పనిచేసిన లస్కర్లు, కూలీలు, పడవవాళ్లు, ఈతగాళ్ల పేర్లు ఎవరికి గుర్తున్నంతవరకు వారు ఒక కాగితం మీద రాసి సంఘానికి పంపండి. వాళ్లు ఏం పని చేశారో, మీకేం నేర్పారో ఒక్క వాక్యం చాలు. చేయి వణికేవారు మనవలచేత రాయించండి. వచ్చే సంచికలో అవన్నీ అచ్చు వేయమని కార్యదర్శిగారిని కోరుతున్నాను.

లాకుల తాత అసలు పేరు ఎవరికైనా తెలిస్తే దయచేసి ముందుగా నాకు కబురు చేయండి. ఆ రిపోర్టులో వదిలేసిన పేరును ఈ సంచికలోనైనా నా చేత్తో రాసుకుంటాను.