చేర్చినందుకు పైసలు

మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, మా తరం ఎల్‌ఐసీ ఏజెంట్లను తయారుచేసింది డెవలప్‌మెంట్ ఆఫీసర్లు. డీవో సారు అనేవాళ్లం. ఆయన కన్ను డిగ్రీ తప్పి ఖాళీగా తిరిగే పిల్లగాడి మీద, ఎరువుల కొట్టు గుమస్తా మీద, సాయంత్రం ట్యూషన్లు చెప్పే పంతులు మీద ఉండేది. ఏం చదివినవని అడిగేవాడు కాదు. "నీకు ఎంతమంది తెలుసురా?" అనేవాడు. నోట్‌బుక్ ముందర పెట్టి పేర్లు రాయించేవాడు. మేనమామలు, మేనబావలు, బడిలో సోపతిగాళ్లు, ఉప్పూపప్పూ తెచ్చుకునే సేటు, అందరూ అందులో ఎక్కాలి. నాకు ఏజెన్సీ వచ్చింది ఆ నోట్‌బుక్ నిండినందుకే.

ఆ రోజుల్లో పాలసీ అమ్మితే మొదటి ఏడాది ప్రీమియంలో 25 శాతం కమీషన్, దాని మీద బోనస్ కమీషన్. తర్వాత రెండేళ్లు ఏడున్నర శాతం, ఆపైన అయిదు. పాలసీ లాప్స్ అయితే మన రెన్యూవల్ కూడా పోతుంది కాబట్టి కిస్తీ గడువు దగ్గరపడితే కేసముద్రం మార్కెట్లో మిర్చి అమ్ముడుపోయిందో లేదో రైతుకన్నా ముందు మేమే కనుక్కునేవాళ్లం. కానీ మా సడ్డకుణ్ని తీసుకుపోయి డీవో సారుకు పరిచయం చేసి, అతను కూడా ఏజెంటయితే నాకు దక్కేది ఒక చాయ్. అతని కమీషన్లో నాకు పైసా రాదు. డీవో సారు కంపెనీ జీతగాడు. ఆయన ఇన్సెంటివ్ లెక్క కూడా తన ఏజెంట్లు తెచ్చిన ప్రీమియం మీదనే.

ఇది ఊరికే కుదిరిన పద్ధతి కాదు. ఎల్‌ఐసీ రాకముందు ప్రైవేటు బీమా కంపెనీల్లో ఏజెంటు పైన ప్రిన్సిపల్ ఏజెంట్లు, చీఫ్ ఏజెంట్లు అంటూ అంతస్తులుండేవి. పాలసీదారు సొమ్ములో ఒక్కో అంతస్తు ఒక్కో వాటా తినేది. 1950లో బీమా చట్టాన్ని సవరించి ప్రిన్సిపల్ ఏజెన్సీలను రద్దు చేశారు. 1956 సెప్టెంబర్ 1న 245 కంపెనీలూ సంస్థలూ కలిసి ఎల్‌ఐసీ అయ్యాయి. పైవాడు కిందివాడి కమీషన్ తినే ఏర్పాటు ఎక్కడికి దారితీస్తుందో మన దేశానికి అప్పుడే తెలుసన్నమాట.

మా బ్రాంచికి 80లలో పోటీ పీర్‌లెస్. 1932లో నారాయణగంజ్‌లో పుట్టి కలకత్తాకు చేరిన పొదుపుల కంపెనీ. వాళ్ల ఏజెంట్లు మేం పోని తండాలకు కూడా పోయేవాళ్లు. అప్పటికే రిజర్వు బ్యాంకు వేసిన జేమ్స్ రాజ్ బృందం సిఫారసుల మీద 1978లో ప్రైజ్ చిట్లనూ మనీ సర్క్యులేషన్ స్కీములనూ, అంటే సభ్యులను చేర్చినందుకు పైసలు వచ్చే స్కీములనూ, నిషేధించే చట్టం వచ్చింది. పీర్‌లెస్ దాని కిందికి వస్తుందా అన్న కేసులో 1987లో సుప్రీంకోర్టు తీర్పు రాసింది మన అనంతపురం జిల్లా మనిషి, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. అది ప్రైజ్ చిట్ కాదన్నారు. అయితే పేదల పొదుపుతో ఆడే ఇలాంటి కంపెనీల మీద అదుపు ఉండాలని గట్టిగానే చెప్పారు. ఆ ముచ్చట అక్కడికి చాలు.

అసలు మార్పు 90ల చివర వచ్చింది. టప్పర్‌వేర్ 1996లో, ఆమ్వే 1998లో మన దేశంలో అమ్మకాలు మొదలుపెట్టాయి. రెండూ అమెరికా సరుకే, కానీ రెండిటి తీరు ఒకటి కాదు. టప్పర్‌వేర్ 1951లో దుకాణాల నుంచి తన ప్లాస్టిక్ డబ్బాలన్నీ తీసేసి ఇళ్లలో ఆడవాళ్ల పార్టీల ద్వారానే అమ్మింది. ఆ పద్ధతిని నిలబెట్టిన బ్రౌనీ వైజ్ అనే ఆమెను 1958లో కంపెనీ పంపించేసింది, చేతిలో ఒక్క షేరు పెట్టకుండా. ఆమ్వే మూలం న్యూట్రిలైట్ విటమిన్ మాత్రల్లో ఉంది. 1945లో కాలిఫోర్నియాలో మైటింజర్, క్యాసెల్‌బెర్రీ అనే ఇద్దరు, నువ్వు అమ్మినదానితోపాటు నువ్వు చేర్చినవాడు అమ్మినదాని మీద కూడా నీకు కమీషన్ అన్నారు. ఆ మాత్రలు అమ్మిన ఇద్దరు స్నేహితులే 1959లో ఆమ్వే పెట్టారు. మనం 1950లో తీసేసిన అంతస్తు 1998లో సబ్బుల డబ్బాతో తిరిగొచ్చింది.

భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్లకు నేను పాలసీల పని మీద పోయేవాణ్ని. నెలనెలా జీతం, దసరాకు లాభాల వాటా, పొద్దున భర్త షిఫ్టుకు పోతే ఇంట్లో చదువుకున్న ఇల్లాలు. అమ్మేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? మొదట డబ్బాలు, సబ్బులు, ప్రోటీన్ పొడి వచ్చాయి. కొన్నాళ్లకు సరుకు సంగతి పోయి 'ప్లాన్' ఒక్కటే మిగిలింది. "వదినే, నువ్వు అమ్మేది ఏం లేదు. ఇద్దర్ని పెట్టు చాలు, ఎడమకొకరు, కుడికొకరు. మిగతాది మా సీనియర్ చూసుకుంటడు." నేను ఎన్నోసార్లు విన్న మాట ఇది. జనగామలో ఆదివారం ఫంక్షన్ హాళ్లలో టై కట్టిన పిల్లగాళ్లు బోర్డు మీద గుండ్రాలు గీసేవాళ్లు. ఒకసారి వెనక కుర్చీలో కూర్చుని చూశాను. కొత్తవాళ్లతో మొదట చేయించింది పేర్ల లిస్టు రాయించడమే. మా డీవో సారు నోట్‌బుక్కే అది. తేడా ఒక్కటే, మా లిస్టులో ఉన్నవాళ్లు పాలసీ కొనేవాళ్లు. ఇక్కడి లిస్టులో ఉన్నవాళ్లు చేరేవాళ్లు, చేరి ఇంకో లిస్టు రాయాల్సినవాళ్లు.

ఆ గుండ్రాల లెక్క ఎవరైనా వేయొచ్చు. ఇద్దరికి బదులు ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చుకుంటూ పోతే ఎనిమిదో మెట్టు మీద నిలబడాల్సినవాళ్లు 16,79,616 మంది. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి మహబూబాబాద్ జిల్లా జనాభా ఏడు లక్షల డెబ్బై వేల పైచిలుకు, చంటిపిల్లలతో సహా. కాబట్టి ఎవరో ఒకరి దగ్గర గొలుసు తెగాలి. తెగేది ఎప్పుడూ ఆఖరున చేరిన తమ్ముడి దగ్గరే. కట్టిన పైసలు ఎటూ పోతాయి, వాటితోపాటు పెళ్లిళ్లకు పిలుపులు కూడా ఆగిపోతాయి. బావమరిది బావ మీద ఠాణాకు పోడు కదా.

కోర్టుదాకా పోయినవాళ్లూ ఉన్నారు. 2006లో సీఐడీ ఆమ్వే మీద కేసు పెట్టింది. 2007 జూలై 19న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ పథకం 1978 చట్టం చెప్పే మనీ సర్క్యులేషన్ కిందికే వస్తుందని, దర్యాప్తు ఆపనవసరం లేదని తేల్చింది. 2014 మేలో కర్నూలు పోలీసులు గురుగ్రామ్ పోయి ఆ కంపెనీ భారత అధిపతినే పట్టుకొచ్చారు. 2019లో సైబరాబాద్ పోలీసులు ఈబిజ్ అనే ఇలాంటి ఇంకో గొలుసు కంపెనీ నిర్వాహకులను అరెస్టు చేశారు. అయినా ప్రతి అరెస్టు తర్వాత కొత్త పేరుతో ఇంకోటి వచ్చింది.

2023 మార్చి 16 సాయంత్రం సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు లేచాయి. పొగకు ఊపిరాడక ఆరుగురు చనిపోయారు. అందరూ ఇరవైల్లో ఉన్న పిల్లలు, వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాలవాళ్లు. వాళ్లు పనిచేసింది క్యూనెట్ అనే డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీతో సంబంధమున్న కార్యాలయమని పోలీసులు చెప్పారు. ఉద్యోగం అనుకుని చేరడానికి డబ్బు కట్టారని కుటుంబాలు చెప్పాయి. అగ్నిప్రమాదం వేరు, స్కీము వేరు అని వాదించేవాళ్లు ఉండొచ్చు, నిజమే. కానీ మా జిల్లా పిల్లలు ఎదురు పైసలు కట్టి కొలువు చేస్తున్నారన్న సంగతి మా ఊళ్లలో చాలామందికి ఆ రాత్రే తెలిసింది.

ఇప్పుడు కేంద్రం 2021 డిసెంబర్‌లో తెచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలున్నాయి. చేరడానికి రుసుము తీసుకోకూడదు. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా చెప్పకుండా ఎవరి ఇంటికీ అమ్మడానికి పోకూడదు. మన దగ్గర ఆడబిడ్డ ఇంటికి ముందు చెప్పి పోయేదెవరో నాకు తెలియదు గానీ, రుసుము మాట మాత్రం గట్టిగా పట్టుకోవాల్సిందే. ఇంట్లో కూర్చుని నిజంగా సరుకు అమ్ముకునే ఆడవాళ్లను నేను తప్పుపట్టను. కొనేవాడి జేబులోంచి వచ్చిన కమీషన్ కష్టార్జితం. చేరేవాడి జేబులోంచి వచ్చింది కాదు.

రేపు మీ వదిన లిస్టు రాయమని నోట్‌బుక్ ముందర పెడితే, పేర్లు రాసేముందు ఆమెకు 1978 చట్టం మూడో సెక్షన్ చదివి వినిపించండి. నిషేధం అలాంటి స్కీములు నడిపేవాళ్లకే కాదు, వాటిలో సభ్యులుగా చేరేవాళ్లకు కూడా ఉంది. శిక్ష మూడేళ్ల వరకు జైలు.