మూత లెక్క

పల్నాటి చేలల్లో పురుగుమందును మూతతో కొలిచే అలవాటును చదువులేనితనం కింద జమకట్టడం అన్యాయం. పుట్టిన నాటికి అది సరైన లెక్కే. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలాక పల్నాటి నకరికల్లు చుట్టుపక్కల సేద్యం రూపు మారింది. తర్వాతి ఇరవై ఏళ్లలో గుంటూరు జిల్లా పత్తికీ మిరపకీ పేరుపడింది, వాటి వెంటే మందుల కొట్లూ వచ్చాయి. పాత బోర్డో మిశ్రమం లెక్క సుళువు: వంద లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, అంటే ఒక శాతం. తూచింది తూచినట్టు నీళ్లలో పడేది.

సీసా మందు ఆ లెక్కను రెండు మెట్లు చేసింది. మోనోక్రోటోఫాస్ 36 ఎస్.ఎల్. అంటే సీసాలో ఉన్నదాంట్లో 36 శాతమే అసలు విషం. దాన్ని మళ్లీ లీటరు నీటికి 1.6 మి.లీ. చొప్పున కలిపితే ఆకు మీద పడే ప్రతి లీటరులో ఉండేది అర గ్రాము పైచిలుకు. సీసా మీద ఎస్.ఎల్. అని ఉన్న రకం నీళ్లలో పూర్తిగా కరిగి నిజమైన ద్రావణమవుతుంది. ఇ.సి. రకం కరగదు, పాలలా తెల్లగా విరిసి ఎమల్షన్ అవుతుంది. డబ్ల్యు.పి. పొడిని కలియబెట్టకుండా వదిలితే అడుగుకు దిగుతుంది, అప్పుడు ట్యాంకు మొదట్లో ఒక గాఢత, చివర ఇంకో గాఢత. అయినా 16 లీటర్ల ట్యాంకుకు 25 మి.లీ. పట్టే మూత మోనోక్రోటోఫాస్‌కు చక్కగా సరిపోయింది. చిక్కంతా మందులు మారాక వచ్చింది. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. లీటరుకు అర మి.లీ. కూడా అక్కర్లేదు, అంటే ట్యాంకుకు 8 మి.లీ. లోపే. అదే మూతతో పోస్తే మోతాదు మూడింతలు దాటుతుంది. పవర్ స్ప్రేయర్ వచ్చాక ఎకరాకు పట్టే నీళ్లు తగ్గాయి. అక్కడ లీటరు లెక్క చెల్లదు, ఎకరా లెక్కే పట్టుకోవాలి.

పత్తి రైతును ముంచింది మూత కాదు, అప్పూ పురుగూ అంటారు. నిజమే. 1980ల నడుమ తెల్లదోమ, 1987-88లో శనగపచ్చ పురుగు పత్తిని ఊడ్చేశాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ రోజుల్లో ఆంధ్రలో పట్టిన పురుగులు సింథటిక్ పైరిత్రాయిడ్లను తట్టుకుంటున్నట్టు పరీక్షల్లో తేలింది. ఆ పాపమంతా కొలతదని నేననను. కానీ చావని పురుగును చూసి మూత మీద మూత పోయడం, రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలపడం పెట్టుబడినీ పెంచింది, పురుగులో ఆ తట్టుకునే గుణాన్నీ పెంచింది. అప్పు కొట్టులోనే పుడుతుంది గనుక అప్పునూ గాఢతనూ విడదీసి చూడలేం.

అన్నీ లేబుల్ మీద ఉన్నాయి కదా అనేది ఇంకో మాట. 1968 పురుగుమందుల చట్టం వచ్చాక లేబుల్ మీద విషం తీవ్రతను చెప్పే రంగు త్రికోణం ఉంటోంది, శాతం ఉంటోంది. మోతాదు మాత్రం హెక్టారుకు ఇంత అని ఉంటుంది. పల్నాటి రైతు హెక్టారులో ఆలోచించడు, ఎకరంలో, ట్యాంకులో ఆలోచిస్తాడు. ఆ అక్షరాలూ చీమతలకాయలంత. కంపెనీలు ప్రతి సీసాకూ గీతలున్న కొలమూత పెట్టాలి. లీటరుకెంత, 16 లీటర్ల ట్యాంకుకెంత, పవర్ స్ప్రేయరుతో ఎకరాకెంత అన్నది పెద్ద తెలుగు అక్షరాల్లో అచ్చు వేయించే బాధ్యత వ్యవసాయ శాఖ తీసుకోవాలి.