నంబరు నిలిచింది, బండి దొరికింది

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు కొంచెం సందేహించాను. రాజుల గురించీ, కోటల గురించీ రాయగల పెద్దలు మన సభ్యుల్లోనే ఉన్నారు. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం రవాణా శాఖలో బండ్ల రిజిస్టర్ల మధ్య గడిచింది. కనుక నాకు తెలిసిన దారిలోనే పోయి ఒక బండి చరిత్ర రాస్తున్నాను. పాఠక మిత్రులు ఓపికగా చదవ ప్రార్థన.

2012లో నేనూ మా ఆవిడా మా అబ్బాయి దగ్గరకు అమెరికా వెళ్ళాము. వాడు ఉండేది కార్ల ఊరైన డెట్రాయిట్‌లో. ఒక ఆదివారం పక్కనే ఉన్న డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంకు తీసుకుపోయాడు. అక్కడ తెల్లని రంగు, ముదురు ఆకుపచ్చ అంచులు గల ఒక పెద్ద కారు ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. పైకప్పు మడిచి వెనక్కు వేసుకునే కన్వర్టిబుల్ రకం. పొడవు ఇరవై అడుగులకు పైనే ఉంటుంది. బరువు మూడు టన్నులు దాటింది. ఇంజను సుమారు 12,700 సి.సి. మనమంతా ఆఫీసర్ల వెంట ఎక్కి తిరిగిన అంబాసిడర్ ఇంజను 1,489 సి.సి. మాత్రమే. అంటే ఎనిమిదింతలకు పైన! మా ఆవిడ చూసి, "దీనికి పెట్రోలు ఎవరు పోస్తారండీ?" అంది. ఆ ప్రశ్నలోనే ఈ కారు చరిత్ర సగం ఉందని తరువాత చదివితే తెలిసింది.

కారు పేరు బుగాటీ రొయాల్. ఫ్రాన్సు దేశపు ఆల్సేస్ ప్రాంతంలో మోల్షైమ్ అనే చిన్న ఊళ్ళో ఎటోరే బుగాటీ కార్ఖానా ఉండేది. రాజులకూ కోటీశ్వరులకూ తగిన కారు ఒకటి చేయాలని సంకల్పించి, ఇరవై అయిదు బండ్లు అమ్మవచ్చునని ఆయన లెక్క వేశాడు. ఇంతలో 1929లో ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. చివరకు బయటివారికి అమ్ముడుపోయినవి మూడే మూడు. మిగిలిన ఇంజన్లను ఆయన ఫ్రెంచి రైలు పెట్టెలకు బిగించి నష్టం పూడ్చుకున్నాడు. ఆ రైళ్ళు బాగా పరుగెత్తాయి కూడా.

నేడు ప్రపంచంలో ఉన్న అసలు రొయాల్ కార్లు ఆరు. వాటి ఛాసిస్ నంబర్లు వరుసగా 41100, 41111, 41121, 41131, 41141, 41150. ఈ ఆరు నంబర్లూ చదివినప్పుడు నాకు మా ఆఫీసు గుర్తుకు వచ్చింది. ఛాసిస్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది నంబరు అచ్చు తీసి ఫారానికి అంటించేవాళ్ళం. రంగు మారవచ్చు, యజమాని మారవచ్చు, ఇంజను కూడా మారవచ్చు. ఆ ఒక్క నంబరు మారకూడదు. బండికి అదే జాతకం.

నేను డియర్‌బోర్న్‌లో చూసినది 41121. దీన్ని 1932లో జోసెఫ్ ఫుక్స్ అనే జర్మన్ ప్రసూతి వైద్యుడు కొన్నాడు. మ్యూనిక్ నగరంలో లుడ్విగ్ వైన్‌బెర్గర్ అనే పనివాడి చేత పైకప్పు తెరుచుకునే బాడీ కట్టించాడు. అప్పటి రంగు నలుపు, పసుపు. మొత్తం ఖర్చు 43,000 డాలర్లు. త్వరలోనే జర్మనీలో పరిస్థితులు చెడ్డాయి. డాక్టరు గారు దేశం విడిచి, పలు చోట్ల తిరిగి, 1937 ప్రాంతంలో న్యూయార్క్ చేరాడు. ఇంత బరువైన కారును కూడా వెంట తీసుకుపోయాడు! ఇల్లు వదిలి పోయే మనిషి ఏది వదులుతాడో, ఏది వదలలేడో ఎవరు చెప్పగలరు?

అయితే న్యూయార్క్ చలి ఆ కారును దెబ్బ తీసింది. నీళ్ళు గడ్డకట్టి ఇంజను బ్లాకు పగిలింది. బాగుచేసేవారు లేక అది పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇనుముకు ఎంత గిరాకీ ఉండేదో వేరే చెప్పనక్కరలేదు. ఏ రోజైనా ముక్కలు చేసి తూకానికి అమ్మేయవచ్చు. జనరల్ మోటార్స్ కంపెనీలో ఇంజనీరు చార్లెస్ చేన్‌కు ఈ బండి సంగతి ముందే తెలుసు. వెదుక్కుంటూ వెళ్ళి, 1940లలో సుమారు 400 డాలర్లకు కొన్నాడు. బ్లాకు బాగుచేయించాడు, ఒక కార్బురేటర్ ఉన్నచోట నాలుగు పెట్టాడు, తెలుపు ఆకుపచ్చ రంగులు వేయించాడు. ఆ తరువాత ఆయనా, ఆయన భార్య ఎస్తేర్ గారూ దాన్ని మ్యూజియంకు ఉచితంగా ఇచ్చేశారు. కారు పక్కన ఉన్న కార్డు మీద దంపతులిద్దరి పేర్లూ ఉన్నాయి.

ఇక 41111 కథ దీనికి తలక్రిందులు. 1932లో ఆర్మాండ్ ఎస్డర్స్ అనే ఫ్రెంచి దుస్తుల వ్యాపారికి అమ్మిన ఈ కారు కూడా పైన తెరిచి ఉండేదే. ఎటోరే కుమారుడు జాన్ బుగాటీ దానికి రూపకల్పన చేశాడు. రాత్రిపూట నడపను గనుక దీపాలు వద్దన్నాడట ఎస్డర్స్! అందువల్ల ముందు లైట్లే లేవు. ఫోటోల్లో చూస్తే ఆరింటిలోకీ అందమైనది అదే. కాని తరువాత వచ్చిన యజమాని ఆ బాడీ తీసివేయించి, బైండర్ కంపెనీ చేత మూసిన బాడీ కట్టించాడు. పాత బాడీ మళ్ళీ కనబడలేదు. బండి మాత్రం చేతులు మారి మారి 1999లో ఫోక్స్‌వ్యాగన్ సంస్థకు చేరింది.

ఫ్రాన్సులో ముల్హౌస్ మ్యూజియం వారు పాత విడిభాగాలతో ఆ ఎస్డర్స్ కారుకు నకలు తయారు చేశారు. ఆ మ్యూజియం చరిత్ర మనబోటి ఉద్యోగులు తెలుసుకోదగినది. ష్లుంఫ్ సోదరులనే మిల్లు యజమానులు వందలాది కార్లు కొని ఎవరికీ చూపకుండా దాచారు. మిల్లులు దివాలా తీశాక, 1977లో కార్మికులే ఆ భవనాన్ని ఆక్రమించి తలుపులు తెరిచి లోకానికి చూపించారు. 1982లో అది మ్యూజియం అయింది. రెండు అసలు రొయాల్ కార్లు అక్కడున్నాయి. మరి రెండు కార్లు యుద్ధకాలంలో బుగాటీ కుటుంబం గోడకట్టి దాచినవి. వాటిని 1950లో అమెరికన్ పందెం కార్ల యజమాని బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ కొన్నాడు. 1985లో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో ఆరు కార్లనూ ఒకచోట చేర్చారు.

ఇప్పుడు నా సందేహం చెబుతాను. ఎస్డర్స్ కారు బతికినట్టా, పోయినట్టా? నంబరు ఒకచోట ఉంది, పాత రూపం నకలులో ఇంకోచోట ఉంది. రంగు, కార్బురేటర్లు మారినా 41121ను అదే బండి అని మనం ఒప్పుకుంటాం. ఎందుకంటే నంబరూ ఉంది, బాడీ ఉంది, చేతులు మారిన వివరం ఉంది. ఏది మారిందో రాసిపెట్టి ఉంటే మార్పు దోషం కాదు. రంగు మారితే ఆర్.సి. పుస్తకంలో ఎక్కించి సంతకం చేసేది అందుకే గదా!

ఇదంతా నాకెందుకు పట్టిందో చెప్పి ముగిస్తాను. నేను రిటైరయ్యే నాటికి నా సర్వీసు రిజిస్టరులో మొదటి రెండేళ్ళకు వెరిఫికేషన్ ఎంట్రీ లేదు. మొదట పనిచేసిన ఆఫీసు భవనం మారింది, పాత కట్టలు చిత్తు కాగితాల కింద పోయాయన్నారు. ఏడు నెలలు పెన్షను రాలేదు. ఇంట్లో పిల్లవాడి చదువు, అమ్మ మందులు. చివరకు ఆ ఆఫీసు పాత అటెండరు ఒకాయన, "సంతకాలున్న పుస్తకాలు పారేయడానికి మనసొప్పలేదు సార్" అంటూ ఇంటి అటక మీది నుంచి జీతాల అక్విటెన్స్ రిజిస్టర్లు రెండు దింపాడు. అందులో నా సంతకం ఉంది, రెవెన్యూ స్టాంపు మీద, ఇరవై రెండేళ్ళ కుర్రవాడి చేతిరాతలో. దానితోనే నా పెన్షను మంజూరైంది. ఆ రోజు ఆయన చేతులు పట్టుకున్నానే గాని మాట రాలేదు.

డియర్‌బోర్న్‌లో ఆ తెల్లకారు ముందు నిలబడినప్పుడు నాకు కనబడినది ఆయన ముఖమే. ఇనుప కొట్టులో చేన్‌కు కనబడినదీ, అటక మీద ఈయన దాచినదీ ఒకటే: ఇది ఎవరిదో, ఎవరికో కావాలి అన్న ఎరుక.

కనుక సోదర పెన్షనర్లారా, మీ పి.పి.ఓ. కాగితం ఈవేళే ఒకసారి బయటకు తీయండి. మీ సహధర్మచారిణి పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో చూడండి. తప్పుంటే దిద్దించండి. అది ఎక్కడ పెట్టారో పిల్లలకు చెప్పండి. రేపు వెదికేది వాళ్ళే గదా. సెలవు.