నీరు పోయనక్కరలేని బ్యాటరీ

తిరుమలగిరి వంటి ఊళ్ళలో కరెంటు పోయినప్పుడు కంప్యూటరు ఆరిపోకుండా కాపాడే యు.పి.ఎస్. పెట్టెలో మూత బిగించిన సీసపు బ్యాటరీ ఉంటుంది. దానికి నీరు పోయనక్కరలేదు. కనుక దాని సంగతే పట్టించుకోనక్కరలేదని పలువురు తలుస్తారు. ఆ తలంపు ఎంతవరకు నిజమో దాని చరిత్రే చెబుతుంది.

1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను, నడుమ గుడ్డ పట్టీలు పెట్టి చాపవలె చుట్టి, నీరు కలిపిన గంధకామ్లంలో ఉంచి విద్యుత్తును పంపినాడు. మరల మరల ఛార్జి చేయదగిన మొదటి ఘటం అదే. 1881లో కామిల్ ఫోర్ సీసపు ఆక్సైడు ముద్దను రేకులకు పట్టించి, నెలల తరబడి సాగే పనిని సులభం చేసినాడు. అయినా ఒక చిక్కు మిగిలింది. ఛార్జి నిండిన పిదప కూడ విద్యుత్తు పోతూ ఉంటే నీరు ఉదజని, ఆమ్లజనులుగా విడిపోతుంది. అందుకే బట్టీపట్టిన నీటిని తరచు పోయవలసి వచ్చేది.

1957లో జర్మనీలో ఒట్టో యాఖే ఆమ్లాన్ని సిలికాతో జున్నువలె గడ్డకట్టించినాడు. 1970లలో అమెరికాలో గేట్స్ సంస్థవారు దానిని సన్నని గాజునూలు పొరలో పీల్పించినారు. రెండింటిలోను కీలకం ఒక్కటే: ధనఫలకం వద్ద పుట్టిన ఆమ్లజని సందుల గుండా ఋణఫలకాన్ని చేరి తిరిగి నీరవుతుంది. మన తెలుగునాట 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి సమీపాన కరకంబాడిలో ఈ రకాన్ని తయారుచేసి టెలిఫోను, రైల్వే శాఖలకు అందించింది.

అయితే ఈ మార్పిడి వేగానికి ఒక హద్దు ఉన్నది. ఛార్జి మితిమీరితే వాయువు పోగై, ఒత్తిడికి కవాటం తెరచుకొంటుంది. (మూత బిగించినది అన్నమాట పూర్తిగా నిజం కాదు!) పోయిన నీటిని మరల పోసే దారి లేదు. పాత బ్యాటరీలో యజమాని చూపవలసిన జాగ్రత్త ఇందులో ఛార్జరు మీద పడింది.

12 వోల్టుల బ్యాటరీలో ఆరు ఘటాలుంటాయి. ఎల్లప్పుడు తగిలించి ఉంచితే ఘటానికి 2.25 నుండి 2.30, అనగా మొత్తం 13.5 నుండి 13.8 వోల్టులు చాలును. రోజూ వాడి నింపేదానికి 14.4 నుండి 14.7 వరకు ఇవ్వవచ్చును గాని, నిండగానే తగ్గించవలెను. ఈ అంకెలు 25 డిగ్రీల సెంటీగ్రేడుకు చెప్పినవి. వేడి పెరిగిన ప్రతి డిగ్రీకి ఘటానికి సుమారు 3 మిల్లీవోల్టులు తగ్గించాలి. సూర్యాపేట జిల్లా వేసవిలో 45 డిగ్రీలు వింత కాదు. ఆరు ఘటాలకు, ఇరవై డిగ్రీలకు లెక్క కడితే 0.36 వోల్టు. 13.6 ఇచ్చే ఛార్జరు అప్పుడు 13.24 ఇవ్వాలి. చవక ఛార్జర్లలో ఈ సవరణ సాధారణంగా ఉండదు. అటువంటి పెట్టెను పడమటి గోడకు ఆనించక నీడపట్టున, గాలి ఆడేచోట ఉంచవలెను.